సందు చివర మా జీపు ఇంజన్

మొన్న మధ్యాహ్నం మా అపార్టుమెంటులో కరెంటు పోయింది. పోయినట్టు కూడా ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఇప్పటి జనరేటర్లు ఉలుకూ పలుకూ లేకుండా వాటంతటవే అందుకుంటాయి. ఫ్యాను ఒక్క క్షణం నీరసించి మళ్ళీ తిరిగింది, కింద ఫ్లాటులో టీవీ ఆగి మళ్ళీ మొదలైంది, అంతే. నేను మాత్రం తరుగుతున్న బీరకాయ పక్కన పెట్టి, మోకాళ్ళ నొప్పిని కూడా మరిచిపోయి, లేచి వెళ్ళి బాల్కనీలో నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో నాకే కాసేపటికి గాని తట్టలేదు. డెబ్భై దగ్గరపడుతున్న ఈ పెద్దావిడ ఎండలో నిలబడి ఏం వింటోందా అని ఎదురు ఫ్లాటు కోడలు అనుకునే ఉంటుంది. ఆ అమ్మాయికి చెప్పినా అర్థం కాదు గాని, నా ఈడు వాళ్ళు మీరు, మీకు చెప్పుకోవచ్చు.

మేం గుంటూరు వైపు నుంచి వచ్చి అమీర్‌పేటలో కాపురం పెట్టిన కొత్తలో అది మామూలు ఇళ్ళ పేట. తర్వాత కంప్యూటర్ల గాలి వీచింది. మీకు గుర్తుండే ఉంటుంది, ఒక్కో మెట్లదారికి నాలుగేసి కోచింగు బోర్డులు, గోడ కనపడకుండా హాస్టళ్ళ కాగితాలు, సర్టిఫికెట్ల ఫైలు గుండెకు హత్తుకుని బస్సులు దిగే డిగ్రీ పిల్లలు, జావా ఒక్కటి వచ్చేస్తే జన్మ తరించినట్టే అనుకునే వాళ్ళ తల్లిదండ్రులూ. మా సందు చివర మూడంతస్తుల ఇంట్లో కూడా ఒక ఇన్‌స్టిట్యూటు వెలిసింది. నేను ఎర్రమంజిల్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాని, ఫైళ్ళే తప్ప ఆ పెట్టెల జోలికి ఎప్పుడూ పోలేదు.

మా ఆయన పని భూమి లోపలిది. రైతుల పొలాల్లో నీళ్ళెక్కడ పడతాయో యంత్రంతో చూసి బోరుకు చోటు చెప్పేవారు. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు రోడ్డన్నది లేని చోట్లకు తిరగాలి గనక ఆయనా, ఆయన తమ్ముడూ కలిసి మిలిటరీ వేలంలో ఒక పాత పెట్రోలు జీపు పాడుకున్నారు. మా మరిది దాని ఇంజన్ని నట్టు నట్టూ విప్పి, వేసవంతా వరండాలో పాత దుప్పటి మీద పరుచుకుని, మళ్ళీ తన చేతులతో కట్టాడు. ఉప్పు డబ్బాకి కూడా గ్రీజు అంటించాడని నేను సణుగుతూనే ఉండేదాన్ని. అది అందుకున్న మొదటి ఆదివారం అన్నదమ్ములిద్దరూ నన్ను వెనక కూర్చోబెట్టుకుని ప్రార్థనకు తీసుకెళ్ళారు. పాస్టరుగారు వాక్యం చెబుతున్నంతసేపూ నా చీరకు పట్టిన పెట్రోలు వాసన తప్ప నా బుర్రకు ఏమీ ఎక్కలేదు. మరుసటి ఏడే మా మరిది కామెర్లతో పోయాడు. అప్పటికి పెళ్ళి కూడా కాలేదు. ఆ తర్వాత మా ఆయన తమ్ముడి పేరెత్తడం మానేసి జీపు కబుర్లు చెప్పడం ఎక్కువ చేశారు.

ఆ ఇంజన్‌కు ఒక గుణం ఉండేది. బండి కదలకుండా ఇంజన్ తిరుగుతున్నప్పుడు నడుమ నడుమ గొంతు సవరించుకున్నట్టు ఒక టిక్కు, కాస్త ఆగి ఇంకో టిక్కు. సరిచేస్తామని మెకానిక్కులు ఎంతమంది అన్నా మా ఆయన ముట్టుకోనివ్వలేదు, తమ్ముడు కట్టింది కట్టినట్టే ఉండాలనేవారు. సెల్ఫ్ స్టార్టు మీద అది ఏనాడూ మర్యాదగా అందుకోలేదు. రోజూ పొద్దున్నే ముందుకు వెళ్ళి హ్యాండిల్ తిప్పవలసిందే, అదీ బొటనవేలు పిడి చుట్టూ వెయ్యకుండా, మిగతా వేళ్ళ పక్కనే ఆనించి, లేకపోతే ఇంజన్ వెనక్కి తన్నినప్పుడు వేలు విరుగుతుంది. ఇంకో అలవాటు కూడా ఉండేది ఆయనకు. మెకానిక్కు షెడ్లలో ఒక ఆనవాయితీ ఉంది, మార్చిన పాత సామాను బండి గలవాళ్ళు నోరు తెరిచి అడక్కపోతే షెడ్డు వాళ్ళదే. ఈయన మాత్రం అరిగిపోయిన చిన్న వాషరుతో సహా అడిగి తెచ్చుకుని, పేపర్లో చుట్టి, బాల్కనీలో పాత నూనెడబ్బాలో దాచేవారు. మ్యూజియానికి టిక్కెట్టు ఎప్పుడు పెడతారండీ అని నేను వేళాకోళం చేసేదాన్ని. అంటే ఆ ఆనవాయితీ సంగతి నాకు తెలియదని చెప్పుకోవడానికి లేదన్న మాట.

ఆయన గుండెకు ఆపరేషన్ అయింది. పంజాగుట్టలో ఆస్పత్రి. మూడు వారాలపాటు అక్కడే. ఆ రోజుల్లో నాలో ఏదో ఆగిపోయింది. ఏడుపు రాలేదు, భయం కూడా వెయ్యలేదు. ఆఫీసుకు సెలవుచీటీ రాసిచ్చి, క్యాంటీనులో పెరుగన్నం తిని, పలకరించిన వాళ్ళందరికీ పరవాలేదండీ అని ఒకే మాట అప్పజెప్పేదాన్ని. చెయ్యి తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, మనసంతా అలాగే ఉండేది. ఇక జన్మలో హ్యాండిల్ ముట్టకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు. పొలాలు తిరగకపోతే ఈయన మంచానికే అతుక్కుపోతారని నాకు తెలుసు. అంచేత ఆయన ఇంటికి వచ్చేసరికి తాళంచెవి తిప్పితే కదిలే జీపు సిద్ధంగా ఉండాలనుకున్నాను. ఆ ఆలోచనలో తప్పేమీ లేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆస్పత్రి వెనక సందులోనే మా ఆయన భాయ్ అని పిలిచే మెకానిక్కు షెడ్డు. జీపు అక్కడికి చేర్పించాను. భాయ్ బానెట్ ఎత్తి చూసి, సిలిండర్ గోడలు అరిగిపోయాయని, మళ్ళీ లోపల చెక్కి సాపు చెయ్యడానికి మందం లేదని చెప్పాడు. "డీజిల్ ఇంజన్ ఎక్కిద్దామమ్మా, చావి తిప్పితే చాలు, అన్నకు జర సుత తక్లీఫ్ ఉండదు, మీరు ఫికర్ చెయ్యకుర్రి" అన్నాడు. సరేనన్నాను. ఆస్పత్రికి వెళ్ళే దారిలో రెండు మూడుసార్లు ఆగి చూశాను కూడా. గొలుసు కప్పీకి వేలాడుతూ పాత ఇంజన్ బయటికి వచ్చింది. కొత్తది పొడుగు కాబట్టి రేడియేటరు ముందుకు జరిపారు, ఇంజన్ కూర్చునే దిమ్మలు కోసి వేరేవి వెల్డింగు చేశారు, గేరుబాక్సుకూ ఇంజన్‌కూ పొత్తు కుదరడానికి లేతు మీద ఒక ఇనప పలక తిప్పించారు. రవాణా ఆఫీసులో చూపించడానికి కొత్త ఇంజన్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్ది అచ్చు తీశారు, చిన్నప్పుడు మనం నాణేల మీద రుద్దినట్టే. అంతా అయ్యాక భాయ్ గోనెపట్టా మీద పడి ఉన్న పాత ఇంజన్ని చూపించి, నా మొహం వంక చూసి, కాసేపు ఊరికే నిలబడ్డాడు. నేనేదైనా అంటానని ఎదురుచూశాడని తర్వాత అర్థమైంది. బండి ఎప్పుడిస్తారు అని అడిగి ఆస్పత్రికి వెళ్ళిపోయాను.

ఇంటికి వచ్చిన వారానికి మా ఆయన మెల్లగా కిందికి దిగి జీపెక్కారు. చావి తిప్పగానే అందుకుంది. బానెట్ అంతా వణుకుతూ అది దడదడమని అరుస్తుంటే స్టీరింగు మీద చేతులు పెట్టుకుని చాలాసేపు విన్నారు. ఆపేసి, పాతది ఏది అని అడిగారు. షెడ్డులో ఉంటుందేమోనన్నాను. అడగలేదా అన్నారు. తోచలేదండీ అన్నాను. చుట్టాలింట్లో చల్లారిన కాఫీ తాగి అన్నట్టు, బాగుంది, బాగా చేశాడు అని దిగి మెట్లెక్కారు. నాకప్పుడు ఏమీ అనిపించలేదు. పొయ్యి మీద పప్పు ఉందని గుర్తొచ్చి నేనూ పైకి వెళ్ళాను.

మర్నాడు ఆయనతో నేనూ షెడ్డుకు వెళ్ళాను. భాయ్ తల పట్టుకున్నాడు. "అమ్మ అడగలె గదన్నా, వద్దనుకున్నరేమో అని ఇచ్చేసిన" అన్నాడు. లక్డీకాపూల్ వైపు పాత సామాను కొనేవాడికి ఇచ్చాడట, వాడు ఇంకెవరికో ఇచ్చాడట. రెండు నెలలు ఆయన వెతుకుతూనే ఉన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఒక రెండో శనివారం, రోజూ మధ్యాహ్నం ఉండే కోత వేళకు కరెంటు పోయింది. ఉక్కపోతకు ఇద్దరం బాల్కనీలో కూర్చుని ఉన్నాం. సందు చివర ఇన్‌స్టిట్యూటులో కొత్తగా పెట్టిన జనరేటరు అందుకుంది. ఒక టిక్కు, కాస్త ఆగి ఇంకో టిక్కు. ఆయన లేచి నిలబడ్డారు. నాకు చెప్పవలసిన పని లేదు, నేనూ విన్నాను. వెళ్ళి చూస్తే మెట్ల కింద ఇనప స్టాండు మీద మా ఇంజన్ని డైనమోకు బిగించి, కిరసనాయిలు పోసి తిప్పుతున్నారు. అది ఆగాక మా ఆయన జేబులోంచి కాగితం తీసి, నంబరు మీద పెన్సిలు రుద్ది, ఇంటికి వచ్చి బండి ఆర్‌సీ పుస్తకంలో కొట్టేసిన పాత నంబరు పక్కన పెట్టి చూశారు. అంకె అంకె కలిసింది.

అడిగి తెచ్చుకుందామండీ అన్నాను. "వద్దులే" అన్నారు. "తెచ్చి ఎక్కడ పెడతాం, ఆగిపోయినదాన్ని రోజూ చూడాలి. ఇక్కడైతే తిరుగుతోందిగా."

ఆనాటి నుంచి ఊళ్ళో ఉన్న రోజు కోత వేళకు ఠంచనుగా సందు చివరకు వెళ్ళేవారు. అక్కడి వాచ్‌మన్ పాలమూరు వైపు మనిషి, హ్యాండిల్ పిడికిలి బిగించి పట్టుకునేవాడు. బొటనవేలు ఎక్కడుండాలో ఆయన చూపించారు. తాను ముట్టకూడదు గనక స్టూలు మీద కూర్చుని, పైన పిల్లలు కంప్యూటర్లు టకటకలాడిస్తుంటే, గంటసేపు అది తిరగడం విని ఇంటికి వచ్చి టీ అడిగేవారు. డీజిల్ జీపు వేసుకుని పొలాలూ తిరిగారు, నేననుకున్నట్టే. ఆ జీపు మీద ఆయనకు కోపమూ లేదు, మాటా లేదు.

రెండేళ్ళు గడిచాక ఒక ఉదయం కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారు. మధ్యాహ్నానికి ఇంటినిండా జనం, పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు. వేళకు కరెంటు పోయింది, ఫ్యాన్లు ఆగాయి, అందరూ చేతికందిన కాగితాలతో విసురుకుంటున్నారు. సందు చివర ఇంజన్ అందుకుంది. గంట తిరిగి ఆగింది. ఆగగానే నేను ఆయన పక్క నుంచి లేచి వంటింట్లోకి వెళ్ళి టీకి నీళ్ళు పెట్టాను. మా వదినగారు నా చెయ్యి పట్టుకున్నా ఆగలేదు. ఈలోగా వాచ్‌మన్ గుమ్మంలోకి వచ్చాడు. "అమ్మా, సార్ ఇయ్యాల రాలె. పానం మంచిగ లేదా ఏంది, అడిగిపోదామని వచ్చిన" అంటూనే లోపలికి చూసి, కిరసనాయిలు వాసన వేసే చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేనప్పుడు కూడా ఏడవలేదు. ఆ టీ అతనికిచ్చాను. అతను గుమ్మంలోనే కూర్చుని తాగాడు.

తర్వాత ఇన్‌స్టిట్యూటు ఎక్కడికో మారిపోయింది, ఇంజన్ కూడా పోయింది. ఈసారి ఎక్కడికని నేను వెతకలేదు. జీపు అమ్మేశాను. అమీర్‌పేట నడినెత్తిన ఇప్పుడు మెట్రో తిరుగుతోంది, మా సందులో పాత ఇళ్ళు రెండో మూడో మిగిలాయి, మేమున్నది కూడా అపార్టుమెంటు అయింది. పెన్సిలు రుద్దిన ఆ కాగితం నా బైబిల్లో ఉంది, అంకెలు మాసిపోతున్నాయి. నూనెడబ్బా ఇప్పుడు ఈ బాల్కనీలో ఉంది, దాన్ని నేను కదపనివ్వను.

అడగడం మరిచిపోయాను, తప్పు నాదేనండీ, అన్న ఒక్క ముక్క ఆ రెండేళ్ళలో ఆయనతో అనలేకపోయాను. తిమ్మిరి వదిలాక అందామనుకున్నాను. ఆ గంటలో ఆయన పక్కన ఇంకో స్టూలు వేసుకుని కూర్చుని ఉంటే చాలు, అనకపోయినా సరిపోయేదేమో. సెలవు రోజుల్లో కూడా నేను ఇంట్లోనే ఉండి టీ పెట్టాను. మొన్న బాల్కనీలో అంతసేపు నిలబడినా ఏ చప్పుడూ రాలేదు, కరెంటు వచ్చేసింది. ఊరంతా కరెంటు పోకూడదని కోరుకుంటుంది. ఒక్క గంట పోతే బాగుండునని నేను కోరుకుంటున్నాను.