హెబ్రోను మొలలో తాళంచెవి

హెబ్రోను మంచివాడా, చెడ్డవాడా అని అడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పొద్దున ఒక కుర్రవాడి వీపు చిట్లేలా బెత్తంతో బాది, సాయంత్రం అదే వీపుకు కొబ్బరినూనె రాస్తూ ముక్కు చీదుకునే మనిషిని ఏ గంపలో వెయ్యమంటారు? కోర్టు ఒక గంపలో వేసింది, కమిటీ ఇంకో గంపలో వేసింది. ఆరేళ్లు ఆయన పక్కన పనిచేసినవాణ్ణి నేను. నాకు తెలిసింది చెబుతాను, ఆ తర్వాత మీ ఇష్టం.

నా పేరు పద్మనాభయ్య, కుట్టుపని మాస్టర్ని. తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే సరుగుడు తోపుల్లో బాలుర దిద్దుబాటు గృహం ఒకటి ఉండేది. జేబులు కొట్టి దొరికినవాళ్లు, గూడూరు జంక్షన్లో దొంగ రైలెక్కి పట్టుబడినవాళ్లు, తండ్రి తల పగలగొట్టినవాళ్లు, అందరినీ కోర్టు అక్కడికే పంపేది. పన్నెండేళ్ల నుంచి పద్దెనిమిది లోపు అరవై రెండు మంది. నడిపేది ఒక ధర్మ కమిటీ. కాగితం మీద వార్డర్లు ఎనిమిది మంది. నేను చేరిన యాభై ఏడులో ఆ ఎనిమిది మందీ నిజంగానే ఉన్నారు. ఒకడు చచ్చిపోయాడు, ముగ్గురు పిల్లల చేతిలో దెబ్బలు తినలేక మానుకున్నారు, ఒకడికి చూపు పోయింది, చైనా యుద్ధం రాగానే ఇద్దరు పట్టాళంలో చేరారు. ఒక్కడి చోటులోకైనా ఇంకొకణ్ణి తీసుకున్న పాపాన పోలేదు. అరవై మూడు వచ్చేసరికి మిగిలింది హెబ్రోను ఒక్కడే.

బర్మాలో యుద్ధం చేసి వచ్చిన మనిషి హెబ్రోను. తాటిమాను లాంటి ఒళ్లు, ఉరిమే గొంతు. అక్కడ ఒక శుభ శుక్రవారం నాడు పైనుంచి బాంబులు పడుతుంటే గోతిలో నక్కి మొక్కుకున్నాడట. బతికి బయటపడితే ఏటా ఆ రోజు పన్నెండు నుంచి మూడు దాకా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు చెప్పే ఆరాధనలో, గుక్కెడు నీళ్లు ముట్టకుండా, కూర్చున్న చోటు నుంచి కదలకుండా ఉంటానని. పదిహేడేళ్లు ఆ మొక్కు తప్పలేదు. వార్డర్లు నిండుగా ఉన్న రోజుల్లో ఇంకొకడు కాపలా ఉండేవాడు కాబట్టి ఎవరికీ బాధ లేకపోయింది.

మనుషులు కావాలని కమిటీకి మూడు అర్జీలు రాసింది నేనే. హెబ్రోను సంతకం పెట్టాడు. సెక్రటరీ గారు కారులో వచ్చి, వంజరం వేపుడుతో భోంచేసి, "దేశం కష్టకాలంలో ఉంది. ఉన్నవాళ్లతో సర్దుకోండి. ప్రార్థన చెయ్యండి," అన్నారు.

"ప్రార్థన నేను చేస్తానే ఉండాను అయ్యా," అన్నాడు హెబ్రోను. "అరవై మంది కొట్టుకుంటాంటే ఇడిపించేదానికి నాకు రెండు చేతులే గదా ఉండేది!"

సెక్రటరీ గారు నవ్వి కారెక్కారు. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకున్నా నాకు చెయ్యి దురద పెడుతుంది.

అరవై రెండు మందిని ఒక్కడు ఎలా కాస్తాడు? హెబ్రోను పిల్లల్లోనే ఒళ్లూ పొగరూ ఉన్న నలుగురిని ఏరి మేస్త్రీలను చేశాడు. తలా ఒక సరుగుడు కర్ర, భోజనంలో రెండో చేపముక్క. మిగతావాళ్లను వరసలో నిలబెట్టడం, మాట విననివాణ్ణి దారికి తేవడం వాళ్ల పని. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే. రెండు నెలల్లో ఒకడి ముందుపళ్లు ఊడాయి, ఒకడి చెవి తెగింది, ఇంకొకడి అరచేతిని పొయ్యి మీద పెట్టారు.

"ఇది పద్ధతి కాదు హెబ్రోనన్నా," అన్నాను.

"అయితే నువ్వు కాయి. రాత్రికి నువ్వు, పగులు నేను. ఏం, పలకవే?"

 సాయంత్రం ఐదు కొడితే సైకిలెక్కి ఇంటికి పోయేవాణ్ణి నేను.

మేస్త్రీలకు మేస్త్రీ క్రీస్తురాజు. పదిహేడేళ్లు. చిన్నప్పటి నుంచి దెబ్బలు తినడం తప్ప ఇంకేదీ నేర్వనివాడు. వాడి వీపు మీద హెబ్రోను బెత్తం గీతలు నేను లెక్కపెట్టగలను. తిన్నవన్నీ వాడు చిన్నవాళ్లకు పంచేవాడు.

ఆ చిన్నవాళ్లలో ఒకడు ముత్యాలయ్య, పదమూడేళ్లవాడు. చిల్లకూరు అవతల పల్లెపాలెం. తండ్రి వేటకు పోయి సముద్రంలోనే పోయాడు. తల్లి మస్తానమ్మ బజారులో చేపలమ్ముతుంటే ఒక పోలీసు ఆమె గంపను కాలితో తన్నాడు. వీడు రాయెత్తి ఆ పోలీసు పళ్లు రెండు రాలగొట్టాడు. అందుకు రెండేళ్లు వేశారు. నేనైతే శిక్ష వెయ్యకుండా పలక కొనిచ్చి బడికి పంపేవాణ్ణి! సూదిలో దారం ఎక్కించడంలో వాడికి సాటి లేదు. మే నెలాఖరుకు వాడి గడువు తీరుతుంది.

మస్తానమ్మ ప్రతి నెలా రెండో శనివారం ఎండు నెత్తళ్ల మూట పట్టుకుని వచ్చేది. ఫిబ్రవరిలో కొడుకు మొహం వాచి ఉండటం చూసి హెబ్రోను ముందు చెయ్యి చాపింది.

"నా చేతిలో చెయ్యేసి చెప్పన్నా. నాకు మిగిలింది ఈడొక్కడే. పేణంతో తిరిగి నాకప్పజెప్తావా?"

"ఈడి ఒంటిమీద ఈగ వాలనియ్యను తల్లీ," అని హెబ్రోను ఆమె చేతిలో చెయ్యి వేశాడు. ఆ రోజు నుంచి రాత్రి పడకల దగ్గర లెక్క చూసేటప్పుడు ముందు ముత్యాలు తలే తట్టేవాడు.

ఏప్రిల్లో, శుభ శుక్రవారం వచ్చే వారం మొదట్లో, నా పెద్ద కత్తెర మర ఊడి రెండు ముక్కలైంది. కమ్మరికి ఇద్దామని బల్ల మీద పెట్టాను. సాయంత్రానికి ఒక రెక్క లేదు. అడిగితే అందరూ శాకాహారులే, రొయ్యలబుట్ట మాత్రం మాయం. ముత్యాలు దారం ఇచ్చే నెపంతో వంగి నా చెవిలో చెప్పాడు. "క్రీస్తురాజన్న దాన్ని గుడ్డలుతికే బండమీద నూరుతుండాడు సార్."

నేను హెబ్రోనుకు చెప్పాను. రహస్యంగా కనుక్కో అని మరీ మరీ చెప్పాను. ఆ కోపిష్టి ముండాకొడుకు ఏం చేశాడో తెలుసా? మంగళవారం క్రీస్తురాజును ఆవరణ నడుమ నిలబెట్టి బెత్తం విరిగేదాకా కొట్టాడు. వాడు నేను తీయలేదంటే నేను తీయలేదన్నాడు. అప్పుడు హెబ్రోను అందరూ వినేట్టు అరిచాడు: "అయితే ముత్యాలు అబద్ధం చెప్పినాడంట్రా!"

అయిపోయింది. అరవై జతల కళ్లు ముత్యాలు వైపు తిరిగాయి. పిల్లలు పడుకునే షెడ్డంతా వెతికినా కత్తెర రెక్క దొరకలేదు. క్రీస్తురాజు చేతిలో కర్ర మాత్రం హెబ్రోను లాగేసుకున్నాడు.

వాడి చేతిలో కర్ర లేనిది కూడా రెండు రోజులే. బుధవారం ఒక్కడూ వరసలో నిలబడలేదు. వంటగది మీద రాళ్లు పడ్డాయి, ఇద్దరు గోడెక్కితే కిందికి లాగాల్సి వచ్చింది. గురువారం హెబ్రోను కర్రను మళ్లీ క్రీస్తురాజు చేతికే ఇచ్చాడు.

"నువ్వు మనిషివేనా?" అన్నాను.

"ఇంకెవురుండారో సూపీబ్బా," అన్నాడు. కళ్లు గుంటలు పడి ఉన్నాయి, మూడు రాత్రులుగా నిద్ర లేదు.

"రేపు నువ్వు చర్చిలో ఉండే మూడు గంటలైనా ముత్యాల్ని నా దగ్గర వరండాలో కూచోబెట్టు. లేదంటే తాళంచెవి నాకివ్వు."

"నీ కాపలాలోనా? తాళంచెవి నీకా?" అన్నాడు.

 అంతకు ముందు ఏడు ఒకడు కడుపునొప్పని పొర్లితే నమ్మి షెడ్డు తాళం తీసింది నేనే. ఐదుగురు నన్ను తోసుకుని పారిపోయారు. కమిటీ నన్నేమీ అనలేదు, హెబ్రోనును గంటసేపు నిలబెట్టి తిట్టింది. ఆ రోజు నుంచి తాళంచెవి ఆయన మొల వదిలి రాలేదు.

శుక్రవారం పన్నెండుకు అరవై రెండు మందినీ షెడ్డులో పెట్టి తాళం వేసి హెబ్రోను చర్చికి పోయాడు. వంటవాళ్లూ పోయారు. క్రైస్తవుణ్ణి కాను కాబట్టి కాపలాకు నేనొక్కణ్ణే మిగిలాను. షెడ్డు వరండాలో కుట్టుమిషను తొక్కుతున్నాను. ఒంటిగంటన్నర దాటాక లోపలి గోల ఉన్నట్టుండి ఆగిపోయింది. గోలకు ఎప్పుడూ లేవనివాణ్ణి, ఆ నిశ్శబ్దానికి మిషను వదిలి లేచాను.

కిటికీ ఊచల్లోంచి చూశాను. అందరూ గోడలకు అంటుకుపోయారు. నడుమ ఇద్దరు మేస్త్రీలు ముత్యాల్ని రెక్కలు విరిచి పట్టుకున్నారు. క్రీస్తురాజు వాడి మొహం మీద పిడికిలితో గుద్దుతున్నాడు. "మాస్టరు చెవిలో చెప్పినావే, ఇప్పుడు చెప్పరా! గెట్టిగా చెప్పు!" అంటూ, ఒక్కో మాటకు ఒక్కో గుద్దు. ముత్యాలు వాడి చెయ్యి కండ ఊడేలా కొరికాడు. నేను అరుస్తూ గజంబద్ద ఊచల్లోంచి దూర్చి క్రీస్తురాజును కొట్టాను. బద్ద విరిగింది. వాడు నా వైపు తిరిగి నవ్వాడు.

"అరుచుకో మాస్టరా. మూడింటిదాకా లేసొచ్చేదెవురు?"

చర్చి రెండు ఫర్లాంగులు. ఇసుకలో పడుతూ లేస్తూ పరిగెత్తాను. గుమ్మం దగ్గర ఆగి చెప్పులు విప్పాను. ఆ చెప్పులు విప్పిన క్షణం ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు. లోపల పాస్టరు యెహోషువ గారు కళ్లు మూసుకుని "నేను దప్పిగొనుచున్నాను" అనే ఐదో మాట చెబుతున్నారు. హెబ్రోను గుమ్మం పక్కనే చాప మీద మోకాళ్లూని ఉన్నాడు. భుజం పట్టుకుని కుదిపాను.

"ముత్యాల్ని కొడుతున్నారు. రా!"

"దినామూ కొట్టుకునేదే గదా," అన్నాడు గుసగుసగా. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. "ఇంక రెండు మాటలే. వస్తా."

"తాళంచెవన్నా ఇయ్యి!"

ఆయన చెయ్యి మొల దాకా పోయింది. అక్కడే ఆగింది. "మళ్లా ఐదుగుర్ని పారదోలేదానికా? పో, గమ్మునుండు."

నేను అరిచి ఉండాల్సింది. ఆయన పంచె ఊడబెరికైనా తాళంచెవి లాక్కుని ఉండాల్సింది. సిగ్గుతో గుమ్మం బయటికి వచ్చి వెధవలా నిలబడ్డాను. లోపల ఒక పాట అయింది, ఒక ప్రార్థన అయింది. ఆరో మాట మొదలవుతుండగా హెబ్రోను చటుక్కున లేచాడు. పదిహేడేళ్ల మొక్కు అక్కడే వదిలేసి, నన్ను తోసుకుని ఇసుకలో పరిగెత్తాడు.

తలుపు తీసేసరికి ముత్యాలు కిటికీ కింద, నేను నిలబడి అరిచిన చోటికి దగ్గరగా పడి ఉన్నాడు. నా కత్తెర రెక్క వాడి పక్కటెముకల కింద దిగి ఉంది. క్రీస్తురాజు కర్ర తిప్పి కొడితే హెబ్రోను నొసలు పగిలి రక్తం కళ్లల్లోకి కారింది. ఆయన తుడుచుకోలేదు. వాడి గొంతు రెండు చేతులా పట్టి తలను నేలకేసి కొట్టాడు, మళ్లీ కొట్టాడు. వాడి కళ్లు తేలిపోతున్నాయి. కింద పడ్డ కర్ర తీసుకుని నేను హెబ్రోను వీపు మీద నా బలంకొద్దీ బాదాను. "ఇంకొకణ్ణి నువ్వు చంపుతావా!" అని అరుస్తూ బాదాను. నాలుగో దెబ్బకు పట్టు వదిలాడు.

ఎద్దుబండిలో నెల్లూరుకు బయలుదేరాము. హెబ్రోను తన పంచె చింపి గాయం మీద అదిమి పట్టాడు.

"రేపు మాయమ్మొస్తాది గదా సార్," అన్నాడు ముత్యాలు. తోటపల్లి గూడూరు చేరకముందే ప్రాణం పోయింది.

శవాన్ని పోలీసులు నెల్లూరుకు తీసుకుపోయారు. క్రీస్తురాజును, ఆ ఇద్దరినీ బేడీలేసి ఎక్కించుకున్నారు. పాస్టరు గారు మా ఇద్దరినీ పట్టుకుని ఏడ్చారు. "నాతో ఒక్క ముక్క చెప్పుంటే ప్రసంగం ఆపి నేనే పరిగెత్తేవాణ్ణి గదయ్యా! దేవుడు వద్దంటాడా?" అన్నారు. దేవుడు వద్దనలేదు. వద్దన్నది మేమిద్దరమే.

శనివారం మధ్యాహ్నం మస్తానమ్మ వచ్చింది. శుక్రవారమే ఊళ్లో బయలుదేరింది కాబట్టి కబురు ఆమెను అందుకోలేదు. గేటు దగ్గర నొసటి కట్టుతో నిలబడ్డ హెబ్రోనును చూసి, "ఏందన్నా ఆ దెబ్బ? పిలకాయలు గానీ కొట్టినారా?" అని జాలిపడింది కూడాను. నేను చెప్పబోయాను. హెబ్రోను నన్ను ఆపి తనే చెప్పాడు. కత్తెర, తను నోరుజారి అరిచిన మాట, చర్చి, ఒక్కటీ దాచలేదు.

ఆమె ముందు నెత్తళ్ల మూటతో కొట్టింది. మూట చినిగి చేపలు ఇసుకలో పడ్డాయి. తర్వాత ఆయన చేతిలో బెత్తం లాక్కుని మొహం మీద, మెడ మీద, పగిలిన నొసటి మీద కొట్టింది. కట్టు ఎర్రబడింది. నేను అడ్డం పోతే, "రావద్దు పద్మనాభయ్యా," అన్నాడు. చేతులెత్తలేదు. ఆమె చెయ్యి నొచ్చి ఆగింది.

"తాళంచెవి యాడుండింది?" అని అడిగింది.

"నా మొల్లోనే ఉన్నింది తల్లీ."

ఆమె చెయ్యి చాపింది, ఫిబ్రవరిలో చాపినట్టే. హెబ్రోను తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు. ఆమె నేరుగా షెడ్డు దగ్గరికి పోయి తాళం తీసి తలుపులు రెండూ బార్లా తెరిచింది.

"పొండ్రా నాయనా," అంది. "మీ అమ్మల కాడికి పొండి."

వాళ్లు మొదట కదల్లేదు. బెదిరిపోయి హెబ్రోను వైపు చూశారు. ఒక్కడు పారిపోతే మూడు రోజులు అన్నం తినని మనిషి, గేటు కూడా తెరిచి పక్కకు తప్పుకున్నాడు. అప్పుడు పరిగెత్తారు, యాభై ఎనిమిది మందికి ఎనిమిది మంది తప్ప, తోపుల్లోంచి, ఇసుకలోంచి. ఆ ఎనిమిది మందికి పోవడానికి ఇళ్లు లేవు.

నెల తిరక్కుండా కమిటీ ఆరుగురు కొత్త వార్డర్లను వేసింది. చేతులు కాలాక ఆకులు! డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని సెక్రటరీ గారిని అడిగాను. నా ఉద్యోగం పోయింది. పోతే పోనీ.

విచారణలో ఆ శనివారం షెడ్డు తాళం తీసిందెవరని అడిగారు. మస్తానమ్మ వెనక బెంచీలో కూర్చుని ఉంది. ఆమె లేవబోతుంటే హెబ్రోను ముందే లేచాడు.

"నేనే తీసినానయ్యా," అన్నాడు. "ఒక్క రోజు ఆలిస్యంగా."