మూడో వారం గైర్హాజరీ

1979 జూన్‌లో నన్ను విశాఖపట్నంలో రసాయనశాస్త్ర విభాగానికి రీడరుగా వేశారు. లెక్చరరుకి పైమెట్టు, ప్రొఫెసరుకి కిందిమెట్టు. ఎవరికీ అక్కర్లేని పనులన్నీ ఆ మెట్టు మీదే వచ్చి పడతాయి. నాకు హాజరుపట్టీలు అంటగట్టారు.

హాజరు డెబ్బై ఐదు శాతానికి తగ్గితే హాల్ టికెట్ ఇవ్వరు. ఏడాది పోయినట్టే. అలాంటివాళ్ళ పేర్లు నోటీసుబోర్డులో పెట్టి, తండ్రికి రిజిస్టరు ఉత్తరం పంపాలి. ఏడాది హాజరు లెక్క ముగించే ఫిబ్రవరి జాబితాలో ఎమ్మెస్సీ ఫైనలు చదివే నూకరత్నం ఉంది. అరవై ఆరు శాతం. తండ్రి హార్బరులో క్రేన్ ఆపరేటరు.

నా గదికొచ్చి ఒకటే మాట అంది. "ఇంటికి ఉత్తరం ఎయ్యకండి మాస్టారూ, మీకు దండవెడతాను."

ఎందుకని నేను అడగలేదు. జాబితాలో ఉన్న ప్రతివాళ్ళూ ఆ పాటే పాడతారు. రూలు రూలే అన్నాను. సాయంత్రానికి ఉత్తరం టపాలో పడింది.

పన్నెండు రోజులు ఆమె పత్తా లేదు. తర్వాత ఎడమచేతికి సిమెంటుకట్టుతో వచ్చింది. అప్పుడు అడిగాను.

"నైట్ డూటీ వారం మా అయ్య పగలంతా ఇంట్లోనే ఉంటాడండి. తాగి అమ్మని కొడతాడు. నాను అడ్డముంటే ఆగుతాడు. కాలేజీకి సెలవులని సెప్పి ఉండిపోయేదాన్ని. మీ ఉత్తరం సదివి, 'నామీద కాపలా కాత్తన్నావేటే' అని ఇద్దర్నీ కొట్టీసినాడండి."

ఆమె వెళ్ళాక పట్టీ తీశాను. హార్బరులో షిఫ్టు వారానికొకసారి మారుతుంది, మూడు వారాలకి మళ్ళీ మొదటికొస్తుంది. నూకరత్నం పేరుకెదురుగా ప్రతి మూడో వారం ఆరు గళ్ళూ గైర్హాజరే. ఎనిమిది నెలలుగా నా చేత్తో నేనే గుర్తులు పెడుతున్నాను. చాలా సిగ్గేసింది.

హాజరు అరవై ఐదుకి పైనుంటే, డాక్టరు సర్టిఫికెట్ చూసి ప్రిన్సిపాలు ఆ లోటుని మన్నించవచ్చు. దాన్ని కండోనేషన్ అంటాం. దరఖాస్తులో కారణం కింద జబ్బు తప్ప మరోమాట లేదు. తల్లిని కాచుకోవడం అందులో ఇమడదు. కానీ ఇప్పుడు ఆమె దగ్గర పెద్దాసుపత్రి కాగితం ఉంది, జారిపడి మణికట్టు విరిగిందని. ఆమె క్లాసుకి రాని రోజులతో దాని తేదీలు కలవలేదు. ఎవరూ చూడలేదు, నేనూ ఎత్తిచూపలేదు. ప్రిన్సిపాలు ఒక్క ప్రశ్నయినా వెయ్యకుండా సంతకం పెట్టారు.

అంతకుముందు ఏడాది ఫస్టుక్లాసు వచ్చిన పిల్ల, సెకండుక్లాసుతో గట్టెక్కింది. తల్లి బతుకు మారిందని మాత్రం నేను వినలేదు.

రిటైరయ్యేదాకా ఆ పట్టీలు నా దగ్గరే ఉన్నాయి. ఉత్తరం వేసేముందు ప్రతి విద్యార్థినీ కూర్చోబెట్టి, ఎందుకు రాలేదని అడిగేవాణ్ణి. కొందరు చెప్పేవారు, కొందరు నేలచూపులు చూసేవారు. అలా అడగకూడదని ఏ రూలూ లేదు, అంతకుముందూ లేదు. అది నాకు తెలియడానికి ఒక పిల్ల చెయ్యి విరగాల్సివచ్చింది.