అచ్చులో కనిపించని శిలువ

ఆదివారం పొద్దున మెట్టుగూడలో మా వాకిట్లో కూర్చుని పేపరు విప్పాను. నేను దిద్దిన పేజీయే. ఫొటోలో ఎర్రమట్టి కొండ ఉంది, కింద సముద్రం ఉంది. కొండ అంచున ఉండాల్సిన మా అమ్మ సమాధి, దాని మీది శిలువ లేవు. ఆ చోట ఉత్త ఆకాశం ఉంది.

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. ఇరవై ఏళ్లు పేపరు డెస్కులో కూర్చుని చేతబడి వార్తలు పక్కన పడేసినవాణ్ణి.

ఆ వారం నేను రాసింది సముద్రపు కొండల కోత గురించి. ఇంగ్లండులో సుద్దకొండలైనా, మా కోస్తాలో ఎర్రమట్టి కొండలైనా అల ముందు కొండ పాదాన్ని తొలుస్తుంది. పైభాగం కొన్నాళ్లు ఆసరా లేకుండా నిలబడి, ఒక్కసారిగా కూలుతుంది. మన దగ్గరి ఉదాహరణగా మా ఊరి ఫొటో వేశాను. సమాధుల పండక్కి సున్నం వేయడానికి వెళ్లినప్పుడు నేనే తీశాను. కింద ‘అంచుకు చేరిన సమాధి’ అని రాశాను. ప్రూఫులో శిలువ చూసుకున్నాకే సంతకం పెట్టాను.

ఆదివారం అనుబంధం మా ఆఫీసులో గురువారమే అచ్చయిపోయేది.

పేపరు నా చేతిలో ఉండగానే ఊరి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. “అన్నయ్యా, నిన్న మధ్యాహ్నం కొండ అంచు విరిగి పడిపోయింది. అమ్మ సమాధి కూడా పోయింది.”

నిన్నంటే శనివారం.

సోమవారం మా ఇన్‌చార్జి యాదగిరి ఆ పేజీ నా ముందు పడేశాడు.

“ఏందన్నా, సమాధి ఏడుంది? పొద్దుగాల్నుంచి ఒకటే ఫోన్లు, పరేషాన్ చేస్తున్రు. ఫొటో కోసినవా?”

“కొలిచి చూడు.”

స్కేలు పెట్టి ప్రూఫునూ అచ్చునూ కొలిచాడు. ఫొటో కొలతల్లో వెంట్రుకవాసి తేడా లేదు. ప్రెస్సు వాళ్లు ప్లేటు ముట్టుకోలేదన్నారు.

“సరే, ఆడ సమాధి లేదు, తప్పు పడ్డదని సవరణ రాయి.”

“రాయను.”

“గిట్లయితే మెమో ఇస్తరు. నౌకరీ మీదికొస్తదన్నా, జెర ఆలోచించు.”

“రానీ. సముద్రం తీసుకుపోయింది, దాన్ని నేనాపలేను. మా అమ్మ అక్కడ లేనేలేదని మాత్రం నా చేత్తో రాయను.”

మెమో వచ్చింది. జవాబుగా ప్రూఫు నకలు జతచేసి, రాయనని మళ్లీ రాశాను.

నెగెటివ్, అసలు ప్రూఫు నా దగ్గరే ఉన్నాయి. రెండింటిలోనూ శిలువ ఉంది. గురువారం అచ్చయిన కాపీల్లో నేను చూసిన ఒక్కదానిలోనూ లేదు. ఆ సవరణ ఇప్పటికీ పడలేదు.