ఆడని డిస్కులో నూతితాడు

తప్పు చేసి దాచుకునేవాళ్ళు లోకంలో బోలెడుమంది. ఎక్కడో దాగి ఉన్న తన తప్పును తానే చెమటోడ్చి బయటికి లాగి, చుట్టాలను పిలిచి, కుర్చీలు వేసి, టీవీలో చూపించిన మహాతల్లిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే కాస్త కూర్చోండి. ఆ మహాతల్లిని నేనే.

అందరి చేతుల్లోకీ టచ్ ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. నేనొక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పేదాన్ని. నేర్పడమంటే మరేం లేదు, మౌసును ఎటు కదిపితే తెర మీద బాణం అటు పోతుందని చెప్పడం. ఆ మాత్రానికే మా చుట్టాల్లో నాది ఇంజనీరు హోదా. ఇంట్లో మిక్సీ తిరక్కపోయినా నాకే ఫోను చేసేవారు.

నరసన్నపేటలో మా మేనత్త వాళ్ళది బట్టల కొట్టు. ఒకనాడు అత్త నన్ను పిలిపించి, అప్పచ్చుల సైజులో ఉన్న చిన్న డీవీడీలు కొన్ని చేతిలో పెట్టింది. అత్త కూతురు రాజీ పెళ్ళిలో, ఇంట్లో ఉన్న హ్యాండీకామ్‌తో నేను తీసినవే.

"ఏ ప్లేయర్లో ఎట్టినా ఆడట్లేదే కుమారీ. ఇందులో మీ మావయ్య మాట ఉంటాదే."

మావయ్య పోయి అప్పటికి ఏడాది దాటింది.

"స్టూడియో వాళ్ళు తీసిన పెళ్ళి వీడియో ఉన్నాది కదత్తా?"

"ఉన్నాది. అందులో మడిసి కనబడతాడు గానీ మాట ఇనబడదు. పొడుగూతా సినిమా పాటలే. మీ మావయ్య నోరిప్పితే ఎవర్తో ఆడమనిసి పాడతాదే!"

నాకు నవ్వొచ్చింది కానీ, అత్త మొహం చూసి మింగేశాను. ఆవిడ నవ్వడం లేదు. ఆయన గొంతు మరిచిపోతానేమోనని భయంగా ఉందని కొంగు మెలిపెడుతూ చెప్పింది.

"నానున్నాను కదా, తీసి ఇస్తాను," అన్నాను ఛాతీ విరుచుకుని.

"కెమెరా కూడా అట్టుకెల్తావేటే? అల్మారాలో ఉన్నాది."

"అన్నం తినడానికి పొయ్యి కూడా మోసుకెల్లాలేటత్తా? సరుకు డిస్కులో ఉంటాది గానీ కెమెరాలో ఉంటాదా?"

ఈ మాట గుర్తుంచుకోండి. దీని గురించి నన్ను తర్వాత ఎన్నిసార్లు దెప్పారో లెక్క లేదు.

బడి కంప్యూటర్లో డిస్కు పెట్టాను. "ఇది ఖాళీ డిస్కు, ఏమైనా రాసుకుంటారా?" అని అడిగింది. లెక్కల మాస్టారు పళ్ళపేస్టుతో తోమితే గీతలు పోతాయన్నారు. తోమాను. డిస్కులోంచి లవంగం వాసన తప్ప ఇంకేమీ రాలేదు. చివరికి ఇంటర్నెట్టులో దొరికిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఏదో ఎక్కిస్తే, డిస్కు లేవలేదు సరికదా, బడి కంప్యూటరే మంచం పట్టింది. "వైద్యం నీ డిస్కుకైతే చావు మా కంప్యూటర్‌కా అమ్మా?" అన్నారు హెడ్మాస్టరు.

ఇక లాభం లేదని అత్త దగ్గరికి వెళ్ళి పెద్ద డాక్టరులా పెదవి విరిచాను.

"ఇందులో ఏటీ లేదత్తా. ఎవులో సెరిపీసినారు."

అత్త నన్ను ఎగాదిగా చూసింది. "మరి నువ్వు ఆ దినం డబ్బా కంటికెట్టుకుని పందిరంతా తిరిగింది ఏటి తియ్యడానికే?" అంటూ లేచి, అల్మారాలోంచి కెమెరా తీసి ఒళ్ళో పడేసింది. "ఇందులో ఎట్టి సూడు. నా తురుత్తి కోసం."

అత్త తృప్తి కోసమే ఛార్జింగ్ పెట్టాను. డిస్కు వేసి మూత మూశాను. కెమెరాకున్న బుల్లి తెర మీద గోరంత బొమ్మలు బారులు తీరాయి!

జరిగిందేమిటంటే, తీయడం అయిపోయాక 'ఫైనలైజ్' అని ఒక మీట నొక్కాలి. నొక్కకపోతే, రాసిన కెమెరా తప్ప వేరే యంత్రమేదీ ఆ డిస్కును చదవలేదు. నొక్కాల్సిన మనిషిని నేనే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారంటారు. నేను అల్మారాలో కెమెరా పెట్టుకుని డిస్కుకు పళ్ళు తోమాను.

అత్త సంబరం చెప్పనలవి కాదు. శ్రీకాకుళం నుంచి రాజీని పిలిపించింది. రాజీతో పాటు వాళ్ళత్తగారూ వచ్చారు, పెళ్ళినాటి హారం మెడలో వేసుకుని మరీ. నేను కెమెరా వైర్లు టీవీకి తగిలించి, ఇది ఎంత కష్టమైన పనో ఒక ఉపన్యాసం ఇచ్చి, మీట నొక్కాను.

తెర మీద నేల. నేల మీద నా పాదాలు. తర్వాత ఎవరిదో చీర కుచ్చిళ్ళు. ఆ తర్వాత మళ్ళీ నా పాదాలు.

"పెళ్ళికొడుకేడే?" అంది అత్త.

"వస్తాడత్తా," అన్నాను గానీ, నాకు అప్పటికే సంగతి అర్థమైంది. మీట తిరగేసి నొక్కాను! తీస్తున్నానని అనుకున్నప్పుడల్లా ఆపాను. ఆపానని చేయి దించినప్పుడల్లా తీశాను. తాళి లేదు, తలంబ్రాలు లేవు. విరామాలన్నీ పదిలంగా ఉన్నాయి.

అప్పుడు వినిపించింది నా గొంతు, గణగణా గంటలా.

"పెళ్ళికొడుకు తల్లి మెడలో హారం సూసినావా మావయ్యా? నూతితాడునాగ బొడ్డు దాటీసినాది. నీళ్ళు తోడుకోవచ్చు!"

రిమోట్ కోసం తడుముకున్నాను. దొరకలేదు. రోజూ సాయంత్రం ఠంచనుగా పోయే కరెంటు ఆ రోజు కదల్లేదు. ఈలోగా మావయ్య గొంతు పలికింది.

"ఒసే కోడలా, తాడు ఆళ్ళదే గానీ, బకెట్టు మనల్నే ఎట్టమంటారే!"

ఆ వెంటనే ఆయన నవ్వు. పొట్ట పట్టుకుని, మధ్యలో దగ్గుతూ, "ఓలమ్మో" అంటూ నవ్విన నవ్వు.

అత్త నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

"మళ్ళీ ఎయ్యి."

"అత్తా, అది..."

"మళ్ళీ ఎయ్యవే!"

నవ్వు దగ్గర్నుంచే వేద్దామని చూశాను. ఆ పాడు కెమెరా వెనక్కి తిప్పితే ముక్క మొదటికే పోతుంది. నవ్వు వినాలంటే నూతితాడు మీదుగా వెళ్ళాల్సిందే. అత్త అడుగుతూనే ఉంది. నేను వేస్తూనే ఉన్నాను. రాజీ అత్తగారు హారం కొంగుకింద దోపుకుని, టీ ముట్టకుండానే వదిలేసి, "ఎల్తాం వదినా," అని లేచారు. రాజీ గుమ్మం దగ్గర నా చెయ్యి గిల్లింది. "నా పెళ్ళి ఎలాగూ తియ్యలేదు. కాపురం కూడా తీసీసినావే!"

ఆ వారమంతా నాకు అన్నం దిగలేదు. అత్త ఆనందం ఒకపక్క, రాజీ కాపురం ఒకపక్క, మధ్యన నా నోరు.

ఆదివారం అత్త ఇంటి ముందు ఆటో ఆగింది. రాజీ అత్తగారు దిగారు. మెడలో హారం, చేతిలో తళతళలాడే కొత్త స్టీలు బకెట్టు, దాన్నిండా పనసతొనలు. తిన్నగా వచ్చి టీవీ ముందు ఠంగుమని దించారు.

"తాడూ మాదే, బకెట్టూ మాదే. సరేనా వదినా?" అన్నారు. కొయ్యబారిన నా వైపు తిరిగి, "ఏటే అలగ సూస్తావు, డిస్కు ఎయ్యి. అన్నయ్య అంత నవ్వు నా మూలంగానే కదా నవ్వినాడు. సరిగ్గా కూకుని ఇంటాను," అన్నారు. అత్త ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఇద్దరూ తొనలు తింటూ విన్నారు.

ఆ రోజే అందరి ముందూ చెయ్యెత్తి చెప్పాను: "శ్రీముఖలింగం సామి మీద ఒట్టు! కెమెరా ఆగినా, ఆగకపోయినా, అసలు కెమెరా అన్నదే లేకపోయినా, ఇంక ఏ పెళ్ళిలోనూ ఎవులి నగల గురించీ నోరిప్పను!"

అత్త పనసగింజ బకెట్టులో పడేసి, నా చెయ్యి కిందికి లాగింది.

"సాల్లే, ఒట్లొకటి! ఆ దినం నువ్వు నోరు మూసుకునుంటే, మీ మావయ్య నవ్వు నాకు ఏడ దొరికీదే?"