బొట్లు పెట్టిన విమానం

మా బావ ఐదు జపాను విమానాలను కూల్చాడని ఊరంతా నమ్మిన రోజుల్లో నాకు పెళ్లీడు వచ్చింది. బావ అంటే మా మేనత్త కొడుకు. యుద్ధానికి పోకముందు ఎద్దుల కొమ్ములకు రంగులు వేసేవాడు, క్రిస్మస్ వస్తోందంటే మా చర్చికి సున్నం కొట్టేవాడు. విమానాల దళంలో చేరి బర్మా వైపు వెళ్లాడని మాత్రమే మాకు తెలుసు. ఒకరోజు ఫోటో పంపాడు. అందులో బావ ఒక విమానం పక్కన నిలబడి ఉన్నాడు. విమానం మూతి పక్కన వరసగా ఐదు గుండ్రటి చుక్కలున్నాయి.

మా అవ్వ ఆ ఫోటో చూసి గుండెలు బాదుకుంది. మావి తాతల కాలం నుంచి బొట్టు మానేసిన కుటుంబాలు. "బాప్తిస్మం తీసుకున్న పిల్లోడు విమానానికి బొట్లు పెట్టుకోని తిరుగుతాండాడే, ఏం పుట్టె వీనికి?" అని ఏడుస్తూ ఫోటో పట్టుకుని పాస్టరయ్య దగ్గరికి పోయింది. పాస్టరయ్య రోజూ పేపరు చదివే మనిషి. కళ్లద్దాలు తుడుచుకుని చూసి, "ఇవి బొట్లు కావమ్మా, జపాను జెండాలు. శత్రువు విమానాన్ని ఒకటి కూల్చినప్పుడల్లా ఒక గుర్తు వేసుకుంటారు. ఐదు కూల్చినోడంటే మహావీరుడు" అన్నాడు. అవ్వ ఏడుపు అక్కడే ఆగింది. ఇంటికి వచ్చేలోపు దారిలో ఎదురైన వాళ్లందరికీ చెప్పేసింది. అలా మా ఊరికి ఒక వీరుడు దొరికాడు.

నేనేమైనా తక్కువ తిన్నానా? మిషను బడిలో పసిపిల్లలకు అక్షరాలు దిద్దించే పని నాది. పలకలు పక్కన పెట్టించి, మా బావ మేఘాల చాటున నక్కి శత్రువు మీద ఎట్లా దూకాడో పక్కన కూర్చుని చూసినట్టు చెప్పేదాన్ని. బావంటే నాకు ప్రాణం. విమానాలు కూల్చకముందు నుంచీ ప్రాణమే. కూల్చాక ఇంకాస్త ఎక్కువైంది, అబద్ధమెందుకు?

ఒక్క మా నాయనకే ఇది గిట్టలేదు. నన్ను బావకే ఇవ్వాలని చిన్నప్పటి నుంచీ ఉన్న మాట. ఇప్పుడు ఆయన అడ్డం తిరిగాడు. "కొమ్ములకు రంగులేసేవాడైతే కండ్లు మూసుకోని ఇస్తాంటి. ఆకాశంలో తిరిగేవానికి ఎట్లిచ్చేది? రేపు వాడు పడితే పిల్ల బతుకేం గావాల?"

ఇంతలో బావ నెల సెలవు మీద వచ్చాడు. ఎర్రగుంట్ల స్టేషనుకు తప్పెట్లు పట్టుకుని పోయారు మా వాళ్లు. రైలు దిగీ దిగగానే మెడలో కనకాంబరాల దండ వేశారు. ఒక ముసలాయన ముందుకు తోసుకొచ్చి, "ఏమప్పా, పైన మేఘాలుండాయా?" అని అడిగాడు.

"ఉంటాయి పెద్దాయనా."

"శానా?"

"శానానే ఉంటాయి."

"మల్ల ఇన్ని మన పక్కకి తోలకూడదా? ఎండి సస్తాండాం గదా!"

"నేను విమానం తోలేవాణ్ణి కాదు" అన్నాడు బావ. "చూడండప్పా, ఎంత అణకువో!" అని మురిసిపోయారు జనం. ఇంకోసారి గట్టిగా చెప్పబోతే, మిలిటరీ రహస్యాలు అడగకూడదని ఒకరినొకరు హెచ్చరించుకుని, అతని నోట్లో బెల్లం ముక్క పెట్టారు.

వీరుడికి పిల్లనివ్వకపోతే ఊరంతటికీ తలవంపులని పాస్టరయ్య పట్టుబట్టాడు. నాయన తల ఊపాడు. మాలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పవచ్చు. ఆ రాత్రి నాయన సంగటి ముద్ద మింగుతూ తాపీగా అన్నాడు: "చదవనీ. మూడో ఆదివారం నేనే లేస్తా." అవ్వ శాపనార్థాలు పెట్టింది. నేను కాళ్లు పట్టుకున్నాను. ఆయన కన్నా మా ఎద్దు నయం, ముల్లుకర్ర చూపిస్తే కదిలేది. బావతో చెప్పుకుందామంటే పెళ్లి కుదిరిన పిల్ల మాట్లాడకూడదు. నాయనేమో బావ ఎదురుపడితే చాలు, దారి మార్చేవాడు.

మూడో ఆదివారం రానే వచ్చింది. చర్చి ముఖం ఎన్నడూ చూడని వాళ్లు కూడా కిటికీల దగ్గర నిలబడ్డారు. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లం ఒక పక్క చాపల మీద కూర్చున్నాం. పాస్టరయ్య గొంతు సవరించుకుని, "ఐదు శత్రు విమానాలను నేలకూల్చిన మన వీరుడు" అని మొదలుపెట్టి, చివరికి, "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పవలెను" అన్నాడు.

నాయన మోకాలి మీద చెయ్యి ఆనించి సగం లేచాడు. అప్పుడే ముందు వరసలో బావ లేచి నిలబడ్డాడు.

"నాకు ఉండాది అభ్యంతరం."

చర్చి చర్చంతా హాహాకారాలు.

"పెండ్లికి కాదు పాస్టరయ్యా. ఆ ఐదు విమానాలకు. నేను ఒగటి గూడ కూల్చలేదు. అవ్వ చెప్పిందే నిజం. ఆ బొట్లు పెట్టింది నేనే. ఆడ నా పని రంగులేసేది."

"చూస్తిరా! నేను ఆ పొద్దే చెప్తి!" అని అవ్వ మా మధ్య నుంచి అరిచింది.

నాయన అలాగే సగం లేచి ఉన్నాడు. "నువ్వెప్పుడూ పైకి పోలేదా?"

"నిచ్చెన ఎక్కినా మామా. అంతకు మించి లేదు."

కిటికీల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఐదు విమానాలూ ఒక్క మాటతో పోయాయి. సోమవారం బడికి ఏ ముఖం పెట్టుకుని పోవాలి?

"మల్ల కూల్చిందెవరు?" అన్నాడు నాయన.

"ఒగ తెల్లదొర పిల్లోడు మామా. మీసం గూడ సరిగా రాలే. కూల్చి దిగినప్పుడల్లా నన్ను పిలిచి, నేను గుర్తు వేసేదాకా పక్కనే నిలబడి చూస్తా ఉండె. ఒగ దినం పొద్దున్నే పోయినాడు. వస్తే వేద్దామని ఎర్రరంగు కలిపి పెట్టుకోని కూర్చుంటి. రాలే. రంగు ఎండిపాయ."

నవ్వులు ఆగిపోయాయి.

"పెండ్లయిందా ఆ పిల్లోనికి?" అని అడిగాడు నాయన.

"కుదిరిండె మామా."

నాయన మెల్లగా కూర్చున్నాడు. తర్వాత, "పాస్టరయ్యా, నాకేం అభ్యంతరం లేదు. ఆ పిల్లోని కోసరం ఒగ ప్రార్థన చెయ్యండి" అన్నాడు. ఇంట్లో మాలో ఎవరి కోసమూ ఆయన ప్రార్థన అడగడం నేను వినలేదు.

అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. బావ కూడా మూసుకోలేదు. వీరుణ్ణి చేసుకోవాలనుకున్న పిల్ల రంగులేసేవాణ్ణి చేసుకుంటుందా అని మగవాళ్ల పక్క నుంచి నా ముఖంలోకి చూస్తున్నాడు. బాంబుల మధ్య నుంచి వచ్చిన మనిషి నన్ను చూసి భయపడుతున్నాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ప్రార్థన జరుగుతుండగానే, అభ్యంతరం లేదని తల అడ్డంగా ఊపాను.