బ్రేకక్క ఎడమ చెంప

ఆవిడకి అమ్మా నాన్నా పెట్టిన పేరు లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. తన దగ్గర కారు నేర్చుకున్న వాళ్ళందరికీ ఆవిడ బ్రేకక్క. నేర్పే కారులో పక్క సీటు ముందు కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. ఇరవై ఏడేళ్ళుగా ఆవిడ కుడి కాలు ఆ రెండో బ్రేకు మీదే ఉంది. ఎదురుగా చెత్త లారీ వస్తున్నా, స్టీరింగ్ పట్టుకున్న మనిషి భయంతో కళ్ళు మూసుకున్నా ఆవిడ గొంతు లేవదు. కాలు మాత్రం కదులుతుంది. "ఏం కాలేదు. ఊపిరి పీల్చు. మొదటి గేరు" అంటుంది. నేనూ ఆవిడ దగ్గర నేర్చుకున్నవాణ్ణే. నాకైతే ఆ ముక్క మొదటి రోజే తొమ్మిది సార్లు చెప్పింది.

బ్రేకక్క బాగా తెల్లటి మనిషి. చిన్నప్పుడు ఇంట్లో సున్నప్పిల్ల అని ఏడిపించేవారట. పది నిమిషాలు ఎండలో నిలబడితే టమాటా పండు అయిపోయేది. అలాంటి మనిషి ఇరవై ఏడేళ్ళపాటు ఎడమవైపు కిటికీ పక్కన కూర్చుంది. పాత కార్లలో ఏసీ లేదు. అద్దం దించి, మోచెయ్యి కిటికీ మీద పెట్టి, ఎండకి చెంప అప్పగించి కూర్చునేది. ఫలితంగా కుడి చెంపకి యాభై ఆరేళ్ళు వచ్చేసరికి ఎడమ చెంపకి డెబ్బై దాటాయి.

ఆ చెంప మీద రెండేళ్ళుగా ఏవో గరుకు మచ్చలు. చూస్తే పెద్దగా తెలిసేవి కావు. వేలు పెడితే మాత్రం గరుకుకాగితంలా తగిలేవి, తువ్వాలుతో తుడుచుకుంటే దారపు పోగులు పట్టుకునేవి. గోటితో గిల్లేస్తే పది రోజులకి మళ్ళీ అక్కడే మొలిచేవి. పొడి చర్మంలే అనుకుని నూనె రాసి ఊరుకునేది.

ఊరుకోనిది వాళ్ళాయన. ఆయన వీధి చివర కొట్లో గడియారాలు బాగుచేస్తాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఒక ఆదివారం పొద్దున ఆవిడ టీ తాగుతుంటే, కంటికి తగిలించుకునే నల్ల భూతద్దంతో వచ్చి చెంప మీదికి వంగాడు.

"కదలకు."

"ఏమిటండీ ఇది? నా మొహం ఏమన్నా గడియారమా?"

"గడియారమైతే నేనే చూసుకునేవాణ్ణి. ఆరు చోట్ల పొలుసు లేచింది. రేపు చర్మం డాక్టరు దగ్గరికి వెళ్దాం."

ఆయన నోట వరసగా అన్ని మాటలు రావడంతో ఆవిడ వెంటనే సరేనంది.

చర్మం డాక్టరు చిన్న వయసు అమ్మాయి. చెంపంతా వేళ్ళతో తడిమి, దీపం పెట్టి చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఏళ్ళ తరబడి ఎండ తగిలి చర్మం దెబ్బతిందమ్మా. ఇది క్యాన్సర్ కాదు. కానీ ఇలాగే వదిలేస్తే ఈ మచ్చల్లో ఏదో ఒకటి ఎప్పటికైనా అటు తిరగొచ్చు. తిరగకముందే తుడిచేద్దాం. క్రీము రాసిస్తాను. పొద్దునా సాయంత్రం, మూడు వారాలు."

"క్రీమేనా? ఆపరేషనేమో అని హడలి చచ్చాను!"

"అప్పుడే సంబరపడకండి. మొదట మొహం బాగా పాడవుతుంది. ఎర్రబడుతుంది, మండుతుంది, పెచ్చులు కడుతుంది. ఆ తర్వాతే బాగవుతుంది. ఎండలోకి వెళ్ళొద్దు, కంట్లో పడనీయొద్దు, రాశాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇంట్లో పెంపుడు జంతువులున్నాయా?"

"పిల్లి ఉంది. నా దిండు మీదే దాని పడక."

"ఈ మూడు వారాలూ దాన్ని దగ్గరికి రానీయకండి. ఇది మీకు మందు, దానికి విషం. మీ చెంప నాకినా, ట్యూబు కొరికినా దాని ప్రాణం మీదికొస్తుంది."

ఆ రోజునుంచి పిల్లికి పడగ్గది ప్రవేశం రద్దయింది. ట్యూబు వెళ్ళి గడియారాల మనిషి తాళం సొరుగులో కూర్చుంది. పొద్దునా సాయంత్రం ఆయనే సొరుగు తీసి, చేతికి పల్చటి తొడుగు వేసుకుని, చెంపంతా, చెవి ముందు ఆవిడకి కనపడని చోట కూడా రాసి, ట్యూబు తోకని ఒక్క మడత మడిచి లోపల పెట్టేవాడు. పిల్లి తలుపు బయట కూర్చుని ఇల్లెగిరిపోయేలా అరిచేది.

అయిదు రోజులు ఏమీ జరగలేదు. "ఇది మందేనా, వెన్నా?" అని బ్రేకక్క వెటకారమాడింది. ఆరో రోజున చెంప వెచ్చబడింది. ఎనిమిదో రోజుకి నిప్పు కణిక అయింది. ఆరు మచ్చలేగా అనుకుంటే, ఎక్కడ దాక్కున్నాయోగాని కణత మీద, చెవి ముందు, దవడ అంచున కొత్తవి ఎర్రగా పైకి తేలాయి. భూతద్దం మనిషి లెక్కపెట్టి పదిహేడు అన్నాడు. ఆవిడ ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు.

ఇంట్లో స్నానాల గది అద్దానికి తువ్వాలు కప్పేసింది. పనిలో ఆ వీలెక్కడిది? కారుకి బయట రెండద్దాలు, లోపల ఒకటి, నేర్పేవాళ్ళకని పక్కనే అంటించిన బుల్లిది ఇంకొకటి. రోజంతా ఆవిడ నోటి మాటే "అద్దం చూడు, అద్దం చూడు" అని. ఎటు తిరిగినా తన చెంపే తనకి ఎదురొచ్చేది.

జనం ఊరుకుంటారా? "పొయ్యి దగ్గర కాలిందా అక్కా?" అని ఒకరు. "కందిరీగలు కుట్టాయా?" అని ఇంకొకరు. మూడో ఆవిడ ఏమీ అడగలేదు, చెయ్యి పట్టుకుని "మీకేం భయంలేదు, నేనున్నాను" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మర్నాడు గడియారాల కొట్టుకి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు ఆ పెద్దమనిషిని చూపులతోనే నమిలేశారు. చీమ అడ్డొచ్చినా పక్కకి తప్పుకుని నడిచే మనిషి ఆయన. తనకి ఎందుకు ఇంత కీర్తి వచ్చిందో తెలియక అయోమయంగా ఇంటికొచ్చాడు. ఆవిడ చెంప ఆయనే వాయించాడని జనం అనుకుంటున్నారని అర్థమయ్యాక మొగుడూ పెళ్ళాలిద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వితే చెంప చుర్రుమంది.

పదకొండో రోజున మాత్రం నవ్వులు ఆగిపోయాయి. డ్రైవింగ్ స్కూలు ఆవిడ తమ్ముడిదే. పొద్దున్నే తాళాల గుత్తి చేతిలో తిప్పుతూ ఆవిడ ముందు నిలబడ్డాడు.

"అక్కా, ఓ రెండు వారాలు ఆఫీసులో కూర్చుని ఫోన్లు చూసుకోరాదూ?"

"ఎందుకట?"

"కొత్తగా చేరిన ఇద్దరు వేరే టీచరు కావాలంటున్నారు."

"నాది అంటుకుంటుందనా?"

"అలా అనలేదక్కా..."

"మరెలా అన్నారు?"

తమ్ముడు తాళాలకేసి చూశాడు. ఆవిడ వెళ్ళి ఫోను ముందు కూర్చుంది. ఇరవై ఏడేళ్ళలో జ్వరం వచ్చినా కారు దిగని మనిషి ఆ రోజు కిటికీలోంచి తన కారు వేరొకరితో వెళ్ళడం చూసింది. సాయంత్రం ఆయన సొరుగు తాళం తీయబోతే, "నేనే రాసుకుంటాలెండి" అని ట్యూబు తీసుకుంది. రాసుకోలేదు. మర్నాడూ అంతే.

రెండు రోజులకి ఆయన ట్యూబు తోక చూశాడు. మడత పెరగలేదు.

"మందు ఆపేశావా?" అన్నాడు, కోపంగా కాదు.

"మొహం చెల్లడం లేదండీ!" అని ఒక్కసారిగా బయటపడింది ఆవిడ. "బజారుకెళ్తే బిచ్చగత్తెని చూసినట్టు జాలి పడుతున్నారు. నా కారులో నేను కూర్చోడానికి లేదు. సొంత తమ్ముడే మూల కూర్చోబెట్టాడు. ఆ గరుకేదో ఉంటే ఉండేది, హాయిగా ఉండేదాన్ని."

ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. "డాక్టరమ్మని అడుగుదాం. ఆపమంటే ఆపేద్దాం. మనంతట మనం ఆపొద్దు" అన్నాడు.

డాక్టరమ్మ మొహం చూడగానే చప్పట్లు కొట్టినంత పని చేసింది. "అబ్బ, ఎంత బాగా వచ్చిందమ్మా!"

"బాగా రావడమేమిటి తల్లీ? నన్ను చూసి చంటిపిల్లలు జడుసుకుంటుంటే!"

"మంచి చర్మాన్ని ఈ మందు పెద్దగా పట్టించుకోదు. చెడిపోయిన చోటే పట్టుకుంటుంది. చెవి ముందు ఇవి చూశారా? ఇవి మొదటిరోజు నాక్కూడా కనపడలేదు. ఇన్ని ఉన్నాయని మందే చూపించింది. ఇప్పుడు ఆపితే సగం ఇల్లు ఊడ్చి చీపురు పారేసినట్టే. ఇంకో ఎనిమిది రోజులు ఓర్చుకోండి. మంటకి పెట్రోలియం జెల్లీ రాసుకోండి. కంటి దగ్గర వాచినా, చీము పట్టినా వెంటనే నాకు ఫోన్ చెయ్యండి."

ఆ సాయంత్రం సొరుగు మళ్ళీ తెరుచుకుంది.

మర్నాడు ఆఫీసుకి, బ్రేకక్క దగ్గర నేర్చుకుంటున్న లైబ్రేరియన్ వచ్చింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, నెమ్మదస్తురాలు. లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పింది, రెండుసార్లూ ఒకేచోట. మైదానంలో మట్టితో పోసిన ఎత్తు ఒకటి ఉంటుంది, దాని మధ్యలో బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ పైకి ఎక్కించాలి. అక్కడికి రాగానే ఆవిడకి కాళ్ళూ చేతులూ ఆడవు. మూడో పరీక్షకి ఇంకా వారం ఉంది.

"మీరు ఇక్కడ కూర్చున్నారేంటక్కా? నా క్లాసు?"

"ఇంకో టీచరు వస్తాడమ్మా."

"మీరు లేకుండా నేను ఆ కారెక్కను."

"నా మొహం చూశారా?"

"చూశాను. నేను చూడాల్సింది రోడ్డునని మీరేగా చెప్పింది?"

బ్రేకక్క లేచి, తమ్ముడి బల్ల మీద తాళాలు తీసుకుంది. తమ్ముడు ఏదో అనబోయి, ఆవిడ చూపు చూసి పక్కకి తప్పుకున్నాడు.

ఆ రోజునుంచి క్లాసులు ఎండెక్కకముందు, పొద్దువాలాక. నెత్తిన వెడల్పాటి టోపీ, మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు, ఎడమ కిటికీకి నల్లగుడ్డ. కారెక్కిన ప్రతివాళ్ళకీ సీటుబెల్టు కన్నా ముందు ఒకే పాఠం. "ఇది కాలింది కాదు, ఎవరూ కొట్టింది కాదు, అంటుకునేది అసలే కాదు. ఎండ చేసిన పని. మందు రాస్తున్నా, అందుకే ఇలా ఉంది. చూడ్డం అయిందా? అయితే సీటు ముందుకి జరుపుకో." అలా చెప్పేశాక ఎవరూ ఇంకేమీ అడగలేదు. వేరే టీచరు కావాలన్న ఇద్దరిలో ఒకతను మూడు రోజులకి తిరిగొచ్చాడు. రెండో అతను రానేలేదు, ఆవిడ అడగనూ లేదు.

పరీక్ష రోజుకి మందు ఆఖరి రోజులు. చెంప మీద గోధుమరంగు పెచ్చులు. పరీక్ష చేసే ఇన్‌స్పెక్టరంటే ఊరందరికీ హడల్. ఆరడుగుల మనిషి, టోపీ, చేతిలో అట్ట. నవ్వగా చూసినవాళ్ళు లేరు. పాసైనా ఫెయిలైనా ఆయన చెప్పేది ఒకే గొంతుతో.

బ్రేకక్క రేకుల షెడ్డు నీడలో నిలబడింది. లైబ్రేరియన్ కారు ఎత్తు మధ్యలో ఆగింది. కదలబోయి, ఇంజను గుర్రుమని ఆగిపోయింది. షెడ్డులో నిలబడ్డ బ్రేకక్క కుడి కాలితో నేలని తొక్కిపట్టింది. కారులో ఆవిడ తల ఒకసారి పైకి లేచి దిగింది, ఊపిరి పీల్చుకుందన్నమాట. ఇంజను మళ్ళీ లేచింది. బండి ఒక్క అంగుళం కూడా వెనక్కి జారకుండా పైకెక్కి, అవతల దిగింది.

"పాస్" అన్నాడు ఇన్‌స్పెక్టరు. లైబ్రేరియన్ పరుగున వచ్చి బ్రేకక్కని వాటేసుకోబోయి, చెంప గుర్తొచ్చి ఆగి, కుడివైపునుంచి వాటేసుకుంది.

"మేడమ్, ఒక్క నిమిషం ఇలా రండి" అని పిలిచాడు ఇన్‌స్పెక్టరు.

ఏం తప్పు జరిగిందోననుకుంటూ బ్రేకక్క వెళ్ళింది. షెడ్డు వెనక్కి తీసుకెళ్ళి, అటూ ఇటూ చూసి, ఆయన టోపీ తీశాడు. నున్నటి బట్టతల. దాని మీద అక్కడక్కడా ఎర్రటి పొలుసులు.

"మీ మొహానికి ఏదో మందు రాస్తున్నారట... టోపీ తీసినప్పుడల్లా లోపలి గుడ్డ వీటికి పట్టుకుంటోంది. ఇరవై ఏళ్ళుగా ఈ మైదానంలోనేగా ఉద్యోగం, టోపీ పెట్టడం ఈమధ్యేగా."

"వంగండి సార్."

ఊరంతా భయపడే మనిషి బుద్ధిగా వంగాడు. ఆవిడ వేలికొసతో తాకింది.

"ఈ గరుకు నాకు బాగా తెలుసు సార్. కానీ నా మందు మీరు రాసుకోకూడదు. మీది ఏమిటో డాక్టరమ్మే తేల్చాలి. రేపే వెళ్ళండి. రాసిస్తానుండండి ఫోన్ నంబరు."

మందు ఆపిన వారానికి పెచ్చులు రాలాయి. అడుగున లేత గులాబీరంగు చర్మం. స్నానాల గది అద్దం మీది తువ్వాలు తీసేసి ఆవిడ చాలాసేపు నిలబడిందట. పిల్లిని లోపలికి పిలిస్తే అది రెండు రోజులు మొహం తిప్పుకుని, మూడో రోజు ఏమీ ఎరగనట్టు దిండెక్కింది. గడియారాల మనిషి భూతద్దం పెట్టి చూసి, "పదహారు పోయాయి, ఒకటి మిగిలింది" అన్నాడు. డాక్టరమ్మ కూడా అదే మాట అని, ఆ మొండిదాన్ని గడ్డకట్టించేంత చల్లటి ద్రవంతో చురుక్కుమనిపించి మాడ్చేసింది. ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోమంది, రోజూ ఎండకి అడ్డు క్రీము రాయమంది. కిటికీ మీద ఆనించే మోచేతికీ అలాంటి మచ్చలే ఉన్నాయని, వాటి సంగతి ఎండలు తగ్గాక చూద్దామంది.

తమ్ముడు క్షమించమని అడగలేదు. స్కూల్లో ఉన్న మూడు కార్లకీ పక్క కిటికీలకి ఎండతెరలు బిగించి, "ఎలా ఉన్నాయక్కా?" అన్నాడు. "రెండోది వంకరగా ఉంది" అంది ఆవిడ. అక్కడితో రాజీ కుదిరింది.

నెల తర్వాత ఒక సాయంత్రం ఇన్‌స్పెక్టరు వాళ్ళింటికే వచ్చాడు. ఆయనకీ డాక్టరమ్మ అలాంటి క్రీమే రాసిచ్చింది. నెత్తిమీద తలపాగాలా వదులుగా పల్చటి గుడ్డ. కుర్చీలో కూలబడి గుడ్డ తీశాడు. బట్టతలంతా దానిమ్మపండులా ఎర్రగా ఉంది.

"ఇంకా ఎన్నాళ్ళు మేడమ్ ఇది?"

"ఎన్నో రోజు?"

"పది."

"అసలుది ఇప్పుడే మొదలు సార్. మధ్యలో ఆపారో, ఊరుకునేది లేదు. జెల్లీ రాస్తున్నారా?"

"రాస్తున్నాను. మంట సరే, ఓర్చుకుంటా. కానీ మైదానంలో నన్ను చూసి జనం దూరం దూరం జరుగుతున్నారు."

బ్రేకక్క టీ కప్పు ఆయన చేతికిచ్చి అంది: "అది మందు వల్ల కాదులెండి సార్. మొదటినుంచీ అంతే."

గడియారాల మనిషి పక్కగదిలోంచి కిసుక్కున నవ్వాడు. ఒక్క క్షణం ఆలస్యంగా ఇన్‌స్పెక్టరు కూడా.