మాటతీరు మోటు అని రాసిండ్రు

తెలంగాణ కోసం బందులు, రైల్ రోకోలు నడుస్తున్న రోజులవి. మానుకోట దిక్కు ఒక దవాఖానల నేను కాన్పుల వార్డు నర్సును. ఉండేది కేసముద్రంల. ఒకనాడు రైళ్లు ఆగినయి, బస్సులు కదలలే. వార్డుల రాత్రి డ్యూటీ అక్క ఒక్కతే ఉందని తెలిసి, పట్టాల పొంటి నడుసుకుంట పోయిన. చేరేసరికి గంటన్నర ఆలస్యమైంది.

అప్పటికే ఒక తండా పిల్లను ట్రాక్టర్ మీద తెచ్చిండ్రు. తొలి కాన్పు. డాక్టరమ్మ తొవ్వల ఎక్కడ్నో ఆగిపోయింది. మేమిద్దరమే కాన్పు చేసినం. పుట్టిన బిడ్డ ఏడ్వలే. నోరు తుడిచి, వీపు రుద్ది, మాస్కు పెట్టి గాలి కొట్టిన. కొంచెం సేపటికి బిడ్డ కేర్‌మన్నది. మంచం పక్కన కూలబడ్డ ఆ పిల్ల తల్లితో, "ఏందవ్వా, ఏడుస్తున్నవ్? మనుమరాలు పుట్టింది, లే" అన్న. ఆమె నా చెయ్యి పట్టుకొని వదల్లేదు.

ఆ ఏడు నా పనితీరు రిపోర్టు సంతకానికి వచ్చింది. చదివితే ఒళ్లు మండింది. 'సమయపాలన లేదు. రోగులతో మాటతీరు మోటు.' అంతే. ఎన్ని కాన్పులు చూసిననో, ఎంతమంది తల్లులు క్షేమంగ ఇంటికి పోయిండ్రో అడిగే గడే లేదు ఆ కాయితంల.

రాసిన అధికారి దగ్గరికి పోయిన. కాన్పుల వార్డు గడప ఒక్కసారి కూడ తొక్కని మనిషి.

"ఏందవ్వా, ఎట్లున్నవ్ అంటావట. కాస్త మర్యాదగా మాట్లాడలేవా అమ్మా?" అన్నడు నవ్వుకుంట.

"అవ్వను అవ్వ అనక ఏమనాలె సార్? వాళ్లేమన్న ఫిర్యాదు చేసిండ్రా?"

"ఫిర్యాదు ఎందుకు? వింటే తెలీదూ?"

నా వెంట వచ్చిన రాత్రి డ్యూటీ అక్క హాజరు పట్టీ ఆయన బల్ల మీద పెట్టింది. "బందు నాడు పగటి డ్యూటీకి వచ్చింది ఈమె ఒక్కతే సార్" అన్నది. ఆయన ఆలస్యం సంగతి కొట్టేసిండు. మాటతీరు సంగతి మాత్రం ముట్టుకోలే.

నేను దాని కిందనే రాసిన: 'ఇది మా రోగుల భాష. మా అమ్మ భాష. తప్పని నేను ఒప్పుకోను.' సంతకం పెట్టిన.

"ఇలా రాస్తే నీకే నష్టం" అన్నడు.

నష్టమే అయింది. నా కంటే చిన్నామె హెడ్ నర్సు అయింది. ఆమె మీద నాకు కోపం లేదు. తర్వాత రాష్ట్రం వచ్చింది, ఆయన బదిలీ మీద పోయిండు. మాటతీరు మోటు అన్న ఆయన వాక్యం తీసేయమని రెండుసార్లు అర్జీ పెట్టుకున్న, జవాబు రాలే. రిటైరైన నాడు నా ఫైలు అడిగి చూసిన. ఆయన రాత, దాని కింద నా రాత, రెండూ అట్లనే ఉన్నయి.